పెద్దింట్లమ్మ నడుంనొప్పి

"టీచరమ్మగారండీ, నా నడుంనొప్పి సంగతి మీ ఏసుబాబుకి చెప్పారా?"

సత్యకుమారి కళ్ళు తెరవలేదు. పొద్దున్నే మొదలెట్టింది మహాతల్లి!

పెద్ద తుఫాను వచ్చిన మరుసటేడు అది. రెండో ఆపరేషనై, కడుపు నిండా కుట్లతో మిషనాసుపత్రి ఆడవాళ్ళ వార్డులో పడి ఉంది సత్యకుమారి. సతాయిస్తున్న మనిషి పెద్దింట్లమ్మ. మొగల్తూరు వైపు నుంచి వచ్చింది, చేపలమ్ముకుంటుంది. ఎవరికో తోడుగా వచ్చిందట. ఎవరికని అడిగే ఓపిక సత్యకుమారికి లేదు.

అసలు దేవుడితోనే మాటలు మానేసిందామె.

మొదటి ఆపరేషనప్పుడు చర్చి సంఘమంతా వచ్చి ప్రార్థించారు. అయినా కడుపులో గడ్డ మళ్ళీ వచ్చింది. అప్పుడు ఆ సంఘంలోని పెద్దలే, "ఏదైనా పాపం దాచుకున్నావేమో, పరీక్షించుకోమ్మా" అన్నారు. ఏళ్ళ తరబడి పిల్లలకి సండే స్కూలు చెప్పిన మనిషి. ఆ మాట కుట్లకన్నా ఎక్కువ సలిపింది. అప్పట్నుంచీ బైబిలు తలగడ కిందే ఉండిపోయింది.

"ఒక్క మాటైనా ప్రార్థన చెయ్యి సత్యా. నువ్విలా ఉంటే నాకు భయమేస్తోంది" అన్నాడు భర్త చంద్రరావు.

"విననివాడికి చెప్పి నోరు నొప్పి తెచ్చుకోనా?"

చంద్రరావు చెంబు పట్టుకుని నీళ్ళకి వెళ్ళిపోయాడు.

పెద్దింట్లమ్మ మాత్రం వదల్లేదు.

"చెప్పారాండి?"

"మీ దేవుళ్ళున్నారుగా, వాళ్ళకి చెప్పుకో."

"ఆయ్, చెప్పానండి. ఆయన చెవిన కూడా ఓ మాట పడేస్తే మంచిది కదండి."

సత్యకుమారికి ఒళ్ళు మండింది. తను చావుబతుకుల్లో ఉంటే ఈవిడకి నడుంనొప్పి గొడవా!

పోరు పడలేక కళ్ళు మూసుకుని గొణిగింది.

"ప్రభువా, ఈవిడ నడుంనొప్పి తగ్గించు. నన్ను కాస్త వదిలిపెట్టేలా చూడు. ఆమేన్."

ఎన్నాళ్ళకో తన నోట వచ్చిన 'ప్రభువా' అన్న మాట తనకే కొత్తగా వినిపించింది.

మర్నాడు పెద్దింట్లమ్మ నవ్వుతూ వచ్చింది.

"కాస్త సర్దుకుందండి. ఇంకొంచెం గట్టిగా చెప్పండి."

సత్యకుమారి చెప్పింది. నడుంనొప్పితో మొదలెట్టి, పక్క మంచం ముసలమ్మ దగ్గు గురించి చెప్పింది. ఆఖరికి తన గురించీ చెప్పింది. నన్నెందుకిలా పడేశావని దెబ్బలాడింది, వెక్కివెక్కి ఏడ్చింది. జవాబు రాలేదు. నొప్పీ తగ్గలేదు. కానీ ఆ నొప్పిలో తన పక్కన ఎవరో కూర్చున్నట్టే అనిపించింది. లేవలేని మనిషి కూడా ఇంకొకరి బాధ మొయ్యగలదని అప్పుడే తెలిసింది.

ఓ పొద్దున పెద్దింట్లమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"ఇయ్యాల కూడా చెప్పారాండి?"

"చెప్పానమ్మా, చెప్పాను! నన్ను కాస్త పడుకోనివ్వవా?"

"పూర్తిగా తగ్గిపోయిందండి. తగ్గింది కదాని మానెయ్యకండి, మళ్ళీ తిరగబెడద్ది. చెబుతా ఉండండి."

ఆ తర్వాత ఆమె కనిపించలేదు. ఆ పోరు లేకపోతే సత్యకుమారికి వార్డంతా బోసిగా తోచింది. కట్టు మార్చడానికి వచ్చిన నర్సు సువార్తని అడిగింది.

"మా నడుంనొప్పి మనిషేదీ, కనిపించడం లేదు?"

"ఆవిడ భర్త పోయాడండి, మగవాళ్ళ వార్డులో. మొన్న పొద్దున శవాన్ని వ్యానెక్కిస్తుంటే, ఇప్పుడే వస్తానని మీ దగ్గరికొచ్చి వెళ్ళింది."

సత్యకుమారి నర్సు చెయ్యి పట్టుకుంది.

"అయ్యో! నాకు ఒక్క ముక్కయినా చెప్పలేదే! ఆయన కోసం ప్రార్థించమనొచ్చుగా. నడుంనొప్పి కోసం అడగడమేంటి?"

"ఆవిడకి నడుంనొప్పీ లేదు, ఏమీ లేదండి. మీరు ప్రార్థన మానేశారని మీవారు కుళాయి దగ్గర ఏడుస్తుంటే చూసింది. మీరడిగిందే నేనూ అడిగాను టీచరుగారూ."

"ఏమంది?"

"'మా ఆయన దక్కడని డాక్టరుగారు ముందే చెప్పేశారమ్మా. ఆయన కోసం మొక్కమంటే, రేపాయన పోయాక ఆ టీచరమ్మగారు మళ్ళీ ఆ దేవుడితో మాట్లాడతారా?' అందండి."