డొల్ల కెమెరా

“ఇంతకంటే చవకలో ఏమీ లేదా?” అన్నాడు భర్త.

కెమెరాల కొట్టువాడు అప్పటికే బోలెడు పెట్టెలు విప్పి బల్ల నిండా పరిచాడు. భార్య వాటిలో ఒకదాన్ని పట్టుకుని వదలడం లేదు.

“ఇది బాగుందండీ. చీకట్లో కూడా మనిషి మొహం స్పష్టంగా పడుతుందట.”

“పడుతుంది. దాని ధర వింటే మన మొహాలే చీకటవుతాయి. తెచ్చుకున్నదెంత, నువ్వడిగేదెంత?”

బట్టల కొట్టు ఆమెది, తండ్రి నుంచి వచ్చింది. గల్లాపెట్టె తాళాలు ఆమె దగ్గరే ఉంటాయి. బేరాలు ఆయన చూస్తాడు, వెనక గదిలో కుట్టుపని నడుస్తుంది. కొన్నాళ్ళుగా ఖరీదైన సూటు గుడ్డ తానులకు తానులే మాయమవుతోంది. భర్త అనుమానమంతా కాజాలక్క మీదే. కాజాలు తీసి గుండీలు కుట్టే ఆ పెద్దావిడకు ఆ పేరే స్థిరపడిపోయింది. ఆవిణ్ణి పంపించేయాల్సిందేనని పొద్దున్న ఆయన ఇల్లు పీకి పందిరేశాడు. సాక్ష్యం లేకుండా ఒకరి నోటి దగ్గర కూడు లాక్కోకూడదని భార్య బతిమాలి ఇక్కడిదాకా తీసుకొచ్చింది.

కొట్టువాడికి జాలేసిందో, విసుగేసిందో, కింది అరలోంచి ఇంకోటి తీశాడు.

“పోనీ ఇది చూడండి సార్. లోపల ఏమీ ఉండదు, ఉత్త డొల్ల. బ్యాటరీ వేస్తే ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటుంది. చూసేవాళ్ళకి అసలుదే అనిపిస్తుంది.”

“దీంతో దొంగ ఎలా దొరుకుతాడు?” ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

“దొరక్కపోతేనేం, భయపడతాడు. ఇదే కట్టవయ్యా!” భర్త మొహం విప్పారింది.

తెచ్చిన డబ్బు మరి దేనికీ చాలదు. ఆమెకు తలూపక తప్పలేదు.

డొల్ల కెమెరా వెనక గది గోడ ఎక్కింది. దాని గుట్టు మొగుడూ పెళ్ళాలకు తప్ప మూడో మనిషికి తెలియదు. కుట్టేవాళ్ళు కబుర్లు మానేసి తలలు వంచుకున్నారు. కాజాలక్క కళ్ళజోడు సర్దుకుని, దానికేసి ఓసారి చూసి నిట్టూర్చింది.

ఆ వారం తిరక్కుండానే ఇంకో తాను పోయింది.

“చూశావా! కెమెరాకీ బెదరలేదు, ఎంత గుండె!” భర్త వెనక గదిలోకి దూసుకెళ్ళాడు. “ఏం కాజాలక్కా, మర్యాదగా వెళ్తావా, పోలీసుల్ని పిలవనా?”

కాజాలక్క చేతిలో సూది ఆగిపోయింది. ఆవిడ తలెత్తి భార్య వంకే చూసింది.

ఆ చూపు భార్య తట్టుకోలేకపోయింది. కాజాలక్క తప్పు ఒప్పుకుంటే ఆయన కోపం దిగుతుంది, తర్వాత తను ఎలాగోలా సర్దిచెప్పొచ్చు. అంతే, నోటికొచ్చిన అబద్ధం ఆడేసింది.

“అక్కా, ఇంక దాచి లాభం లేదు. కెమెరాలో అంతా చూశాను. నిజం చెప్పెయ్. నీ పని ఎక్కడికీ పోదు, నాదీ పూచీ.”

“నువ్వూరుకో!” అన్నాడు భర్త. ఆయన గొంతు ఎందుకో పీలగా వచ్చింది.

కాజాలక్క సూది పక్కన పెట్టి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

“చూసేశావా తల్లీ! నీ కాపురంలో చిచ్చు పెట్టినదాన్నవుతానని ఇన్నాళ్ళూ నోరు కుట్టేసుకున్నాను. ఎంతైనా కట్టుకున్నవాడు, నలుగురి ముందూ నిలదీయకమ్మా.”