మడుగులో కూత

మడుగు చూడ్డానికి పక్షుల ప్రొఫెసరు వస్తున్నాడని తెలిసినప్పటి నుంచి సౌండ్ ఇంజనీరుకి ముద్ద దిగడం లేదు.

అక్కడ కూస్తుందంటున్న పిట్టని ఆయన స్వయంగా విని నివేదిక మీద సంతకం పెడితేనే మడుగు మిగులుతుంది. వినకపోతే పూడ్చేసి గోదాములు కడతారు. ఆ పిట్ట మడుగులో లేదని లోకం మొత్తం మీద తెలిసిన మనిషి ఇతనొక్కడే.

ఆ మోసం చేసింది తనే మరి. డాక్యుమెంటరీ తీసిన అమ్మాయి నెలల తరబడి ఆ గట్టున పడిగాపులు కాసింది. పొగమంచు దొరికింది, జమ్ముగడ్డి ఊగడం దొరికింది, నీళ్ళ మీద వెలుగు దొరికింది. ఒకప్పుడు అక్కడ కూసేదని పెద్దవాళ్ళు చెప్పుకునే పిట్ట మాత్రం దొరకలేదు. “గట్టున పెట్టొచ్చిన మైకులోనన్నా పడిందేమో చూడన్నా” అని మొహం వేలాడేసుకుని అడిగింది. మైకులో పడినవి కప్పలూ, దూరంగా లారీలూ.

ఆ పిల్ల దిగులు చూడలేకపోయాడు. తన కంప్యూటర్లో ఎవరికీ వినిపించకుండా దాచుకున్న ఓ పాత కూత తీసి ఆఖరి దృశ్యానికి అతికించాడు. మైకులో పడిందని అబద్ధం చెప్పాడు. ఆ అమ్మాయి సంతోషం పట్టలేక ఏడ్చేసింది.

సినిమా ఆన్‌లైన్‌లో పెట్టారు. ఇక చూడాలి జనాన్ని. ఆ కూత ముక్కని కత్తిరించి ఒకళ్ళకొకళ్ళు పంపుకున్నారు, ఫోన్లకి రింగుటోన్ పెట్టుకున్నారు. సెలవొస్తే సినిమాహాలుకి పోయే కుర్రకారు మడుగులో దిగి బురదలోంచి ప్లాస్టిక్ లాగారు. మట్టి లారీలు వస్తే చేతులు పట్టుకుని దారికి అడ్డంగా నిలబడ్డారు. పిట్ట మొహం ఎరగనివాళ్ళు పిట్ట కోసం లారీల కింద పడుకోడానికి సిద్ధమయ్యారు.

అతనికి మాత్రం ఊళ్ళో తిరగడం నరకమైంది. మందుల షాపులో పక్కవాడి జేబులో ఫోను కూసింది. ఇతను ఎవరో పిలిచినట్టు వెనక్కి తిరిగి “ఆఁ” అన్నాడు. అందరూ వింతగా చూశారు. మందులు అక్కడే వదిలేసి బయటపడ్డాడు.

ఇంట్లో అత్తగారిది మరో వరస. గిన్నెలు తోముతున్నా సరే ఆ సినిమా మోగుతూనే ఉండాలి. మొదటినుంచీ చూడదు. కూత వచ్చేచోటికి జరుపుకుంటుంది, వింటుంది, మళ్ళీ జరుపుకుంటుంది. సగం వ్యూసు మీ అత్తగారివేనన్నా అని డాక్యుమెంటరీ అమ్మాయి ఆటపట్టించేది. అత్తగారు ప్లాస్టిక్ సంచులు మానేసింది. ఎదురింటివాళ్ళ చేత కూడా మాన్పించింది. మోకాళ్ళ నొప్పులతోనే వెళ్ళి మడుగు గట్టున మానవహారంలో నిలబడుతోంది. ఈ వయసులో ఈ ప్రకృతి పిచ్చేమిటని ఇరుగుపొరుగు నవ్వుకుంటే ఆమె కూడా నవ్వి ఊరుకునేది. ఈవిడ తన దొంగతనం కనిపెట్టిందేమోనని అతనికి లోపల గుబులు. అడిగే ధైర్యం లేదు.

ప్రొఫెసరు రాక ముందురోజు నిజం చెప్పేద్దామని డాక్యుమెంటరీ అమ్మాయి ఇంటికి వెళ్ళాడు. ఆమె మడుగు బొమ్మ గీసిన అట్టలు ఆరబెట్టుకుంటోంది. చేతులనిండా రంగు. అతను మంచినీళ్ళు తాగి వచ్చేశాడు.

తెల్లవారుజామున అందరూ గట్టుకి చేరారు. అత్తగారు వద్దంటే వినకుండా వెంట వచ్చింది. ప్రొఫెసరు మంచివాడే గానీ ముక్కుసూటి మనిషి. “మీ రింగుటోన్లు విని సంతకం పెట్టడానికి రాలేదు” అని అందరి ఫోన్లూ ఒక సంచిలో వేయించి, దూరంగా ఆపిన వ్యానులో పెట్టి తాళం వేయించాడు.

నిలబడ్డారు. మంచు కురుస్తోంది. దగ్గు వచ్చినవాళ్ళు కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. తూరుపు తెల్లబడింది. కప్పలు అరిచాయి, ఊరుకున్నాయి. డాక్యుమెంటరీ అమ్మాయి పెదవి కొరుక్కుంటోంది. ఇంకాసేపటికి ప్రొఫెసరు నిట్టూర్చి పెన్ను మూత పెట్టాడు. ఇక చెప్పక తప్పదని ఇతను ఒక అడుగు ముందుకు వేశాడు.

అప్పుడు కూసింది.

జమ్ము లోపలి నుంచి, సన్నగా, ఒకసారి. ఆగి మళ్ళీ ఒకసారి. చివర నవ్వు ఆపుకుంటున్నట్టు చిన్న విరుపు.

“అదే” అన్నాడు ప్రొఫెసరు గుసగుసగా. “ఆ విరుపుతో సహా సినిమాలోదే. ఇలా కూసే పిట్టని నేనింతవరకూ వినలేదు.” పెన్ను మూత తీసి అక్కడే సంతకం పెట్టాడు. చప్పుడు చెయ్యకూడదని జనం ఒకర్నొకరు కావలించుకుని నోళ్ళు మూసుకుని ఏడ్చారు.

సౌండ్ ఇంజనీరు వ్యాను వైపు చూశాడు. తాళం వేసినట్టే ఉంది. స్పీకరులోంచి వచ్చే గొంతుకీ అసలు గొంతుకీ తేడా పట్టడమే అతని బతుకుతెరువు. అది స్పీకరు కాదు. అతనికి భయం వేసింది, దాని వెనకే చెప్పలేనంత ఆశ కూడా కలిగింది. ఆ గొంతు ఎవరిదో తనకి తప్ప ఇంకెవరికీ తెలియదనుకున్నాడు.

పక్కనున్న అత్తగారు చెప్పులు విడిచి, గట్టు దిగి, మోకాలిలోతు నీళ్ళలో నిలబడి, పోయినేడు కన్నుమూసిన తన కూతుర్ని కేకేసింది: “ఆ పిట్టకూతలు చాలించి ఇంక ఇంటికి రావే తల్లీ, నువ్వు లేక మీ ఆయన చిక్కి సగమయ్యాడు.”