నీలం గీత ఇటుక

సన్యాసమ్మ చేరేసరికే బడుల ఆఫీసు వరండాలో మూడు ఇటుకలు వరసగా ఉన్నాయి.

ఏక్‌బాల్‌పూర్ కుళాయి లైన్లలో పెరిగిన మనిషి ఆమె. లైనులో ఇటుక ఉంటే మనిషి ఉన్నట్టే. ఆ మర్యాద తప్పితే కలకత్తాలో జుట్లు పట్టుకుంటారు.

తన ఇటుక నాలుగోదిగా పెట్టింది. వెనక ఇంకో అరడజను చేరాయి.

పదేళ్ళ కూతురు పైడిని బడి నుంచి తీసేశారు. గోల వింటే చెవులు మూసుకుని ఊగిపోతుందట, తోటిపిల్లలు జడుసుకుంటున్నారట. విచారణకి ఇవాళే ఆఖరు. ఒంటిగంటకి ఆఫీసరు వెళ్ళిపోతాడు. పని కాకపోతే పిల్ల ఇంక బడి మొహం చూడదు.

లైనులో ఆమె ముందున్నవాడు గొంతుదాకా బొత్తాలు పెట్టుకున్నాడు. చెవుల్లో దూది. అతని ఇటుక మీద నీలం గీత.

అంతలో వీధిలోకి ఎర్రజెండాల ఊరేగింపు వచ్చింది. డప్పులు, నినాదాలు. అతను చెవులు మూసుకుని వరండా మూలకి పరిగెత్తాడు. గోడవైపు తిరిగి ఊగసాగాడు.

పైడి తల్లి చెయ్యి విదిలించుకుని, వెళ్ళి అతని పక్కన నిలబడి అలాగే ఊగింది.

సన్యాసమ్మ పిల్ల రెక్క పట్టుకుని లాక్కొచ్చింది.

"ఆ పిచ్చోడి పక్కకి ఎల్తావేటే? ఆఫీసరు బాబు సూత్తే ఇంకేటన్నా ఉందా?"

గడియారం చూసింది. పన్నెండున్నర దాటింది. రెండోవాడు లోపలున్నాడు; ఈ మూడోవాడు కూడా వెళ్తే తన వంతు వచ్చేలా లేదు.

నీలం గీత ఇటుకని తీసుకెళ్ళి లైను చివర పెట్టేసింది.

ఊరేగింపు వెళ్ళాక అతను తిరిగొచ్చాడు. ఆమె మొహంకేసి చూడకుండా తెలుగులోనే అన్నాడు.

"నాది మూడో ఇటుక."

"నీది ఆ సివర ఉంది, సూసుకో."

"నాది మూడో ఇటుక. మూడో ఇటుక."

"నీకిక్కడేటి పని బాబూ? బుర్ర సరిగ్గా ఉన్నోళ్ళకే ఇక్కడ దిక్కు నేదు!"

అతను దెబ్బలాడలేదు. తన ఇటుక ఎక్కడుందో అక్కడికే వెళ్ళి నిలబడ్డాడు.

పాపం అనిపించింది ఆమెకి. అనిపిస్తే మాత్రం? కన్నకడుపు ఊరుకుంటుందా!

ఆమె వంతు వచ్చింది. లోపల ఆఫీసరు మృత్యుంజయ బాబు ఆమె అర్జీ చదివి పక్కన పెట్టి, బెంగాలీ పద్ధతిలో పిన్నీ అన్నట్టు మాషీ అని పిలిచాడు.

"ఒక్కో పిల్ల సంగతి ఇక్కడ తేలదు మాషీ. దయారత్నం అనే ఆయన ఇలాంటి నలభై ఒక్కమంది పిల్లల కోసం కలిపి అర్జీ పెట్టాడు. బడి బడికీ తిరిగి పేర్లు రాసుకొచ్చాడు. మీ పైడి పేరూ ఉంది. ఇవాళ ఆయనొచ్చి నోటితో చెబితే అందరికీ ఒకే ఆర్డరు."

"ఏడీ బాబూ, ఆయన?"

"పొద్దున్నే వచ్చి లైనులో ఉంటానన్నాడు. రాలేదు మరి."

ఒంటిగంట కొట్టింది. ఆఫీసరు ఫైలు మూసేశాడు.

"ఇంక ఆ అర్జీ కొట్టేసినట్టే."

వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయాడు. జీపు కదిలిన చప్పుడు వినిపించింది.

సన్యాసమ్మ గుండె బాదుకుంటూ వరండాలోకి పరిగెత్తింది. అంత పెద్దమనిషి, ఏ నల్లకోటు వేసుకునో వస్తూ ఉంటాడనుకుంది.

"దయారత్నం బాబెవరు? ఓ దయారత్నం బాబూ!"

లైను చివర, నీలం గీత ఇటుక వెనక నిలబడ్డ మనిషి చెయ్యెత్తాడు.