ఒక్క ఏడాది ఒప్పందం

"పన్నెండులోపు అవునో కాదో తేల్చమంటున్నారు డెన్వర్ వాళ్లు. ఇంకా పది నిమిషాలే ఉంది. ఇంతకీ నువ్వెక్కడున్నావ్ డెస్?"

"మిల్వాకీలో," అంది ఒడెస్సా ప్రూట్.

ఫోనులో అవతల ఉన్నది రోజలిండ్. పదహారేళ్లుగా ఒడెస్సా బాస్కెట్‌బాల్ ఒప్పందాలన్నీ కుదిర్చిన ఏజెంటు ఆమె.

"ఆ అట్టడుగు జట్టు దగ్గరికా? వాళ్లు నిన్ను పిలవనైనా లేదే!"

"అడగడానికే వచ్చా."

"ముప్పై ఎనిమిదేళ్లు నీకు. మోకాలు పాడై, పోయిన సీజనంతా ఇంట్లో కూర్చున్నావ్. అయినా డెన్వర్ నిన్ను రమ్మంటోంది. మూడో కప్పు చేతికందేలా ఉంది. పిలిచి పీట వేసేవాళ్లని కాదని, తలుపేసుకున్నవాళ్ల గుమ్మం పట్టుకుని వేలాడతావా?"

"డెన్వర్‌కి వద్దని చెప్పెయ్ రోజ్."

"వీళ్లు కూడా వద్దంటే?"

"అప్పుడింక ఇంటికెళ్లి బూట్లు విప్పేస్తా. చెప్పెయ్."

ఒడెస్సా ఫోను పెట్టేసింది. కారు అద్దం మీద మంచు కురుస్తోంది. వేరే దారి ఉంటే మనసు వెనక్కి లాగుతుందని తెలిసే, ఉన్న ఒక్క దారీ తనే మూసేసుకుంది.

కోచ్ విట్కోస్కీ తన గదిలో కాగితం పొట్లంలోంచి వేయించిన చీజ్ ముక్కలు తింటోంది. ఒడెస్సాను చూసి కుర్చీలోంచి లేవలేదు.

"మూడుసార్లు ఫోన్ చేశావ్. మూడుసార్లూ లేదన్నాను. నాలుగోసారి మనిషివే వచ్చావా?"

"ఫోన్లో అయితే కాదనడం తేలిక కదా కోచ్."

"ఎదురుగా కూడా తేలికే. నా దగ్గర మిగిలింది ఒక్క చోటు. బుట్ట కింద బంతి అందుకునే పొడుగాటి పిల్ల కావాలి. నీ చోటులో ఆడటానికి బ్రియెల్ ఉంది. ఇరవై మూడేళ్ల పిల్ల, గుర్రంలా పరిగెడుతుంది. నిన్ను పెట్టుకుని నేనేం చేసుకోను?"

"బెంచీ మీద కూర్చోబెట్టండి."

"రెండు కప్పులు గెలిచినదానివి, బెంచీ మీద కూర్చుంటావా?"

"నీళ్ల సీసాలు అందించమన్నా అందిస్తా. అందరికన్నా తక్కువ జీతం ఇవ్వండి. ఒక్క ఏడాది, కోచ్."

విట్కోస్కీ పొట్లం పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది.

"పోయిన సీజన్లో మా ఆటలు పదకొండిటికి టికెట్టు కొనుక్కుని వచ్చావటగా. టోపీ కళ్లమీదికి లాక్కుని, బ్రియెల్‌ని తప్ప ఇంకెవర్నీ చూడలేదట. గేటు దగ్గరివాళ్లు చెప్పారు. నిజం చెప్పు, ఆ పిల్ల చోటు మీద కన్నేశావా?"

"ఆ పిల్ల చోటు ఎవరైనా లాక్కోబోతే ముందు నేనే అడ్డం పడతా."

"అబ్బో! అదీ మీ ఊరు గ్యారీలోనే పుట్టిందట. పెరగడం మాత్రం ఇక్కడ ఆవుల మధ్య. ఊరి పిల్లని అభిమానమా?"

"గ్యారీలో చాలామంది పుడతారు కోచ్," అంది ఒడెస్సా తల వంచుకుని. "ఎడమవైపు తిరిగేటప్పుడు తను బంతి వంక చూస్తుంది. ఆ లోపు అవతలి జట్టువాళ్లు దారి మూసేస్తున్నారు. ఎవరో ఒకరు పక్కనుండి చెప్పాలి."

విట్కోస్కీ ఏడాదిగా మొత్తుకుంటున్నది అదే. ఆమె లేచి నిలబడింది.

"పద, కోర్టులోకి. ఈ కొస నుంచి ఆ కొసకి పదిసార్లు. మధ్యలో ఆగితే ఇటునుంచి ఇటే ఇంటికి."

ఆరోసారికి మోకాల్లో సూదులు దిగినట్టయింది. ఎనిమిదోది ముగించి వెనక్కి తిరగబోయి ఒడెస్సా బోర్లా పడింది. ఖాళీ హాలంతా ఆ చప్పుడు మోగింది.

"చాలు, లేవకు," అంది విట్కోస్కీ దగ్గరికొస్తూ. "చచ్చిపోతావ్."

"నేను ఆగలేదు. పడ్డాను. పడితే ఇంటికని మీరు చెప్పలేదుగా."

అరచేతులు నేలకానించి లేచింది. మిగిలిన రెండూ పరుగని ఎవరూ అనరు. కుడికాలు ఈడ్చుకుంటూ, పళ్లు బిగబట్టి, కళ్లనీళ్లు కారుతుండగానే ఆ కొసకీ వెళ్లింది, ఈ కొసకీ వచ్చింది. వచ్చి గోడకు చేరగిలబడింది.

"ఎవరి కోసమే ఇదంతా?" విట్కోస్కీ గొంతు తగ్గింది. "డబ్బు కోసం కాదు. కప్పు కోసం అంతకన్నా కాదు, మా మొహాలకి కప్పెక్కడిది?"

"ఒక్క ఏడాది, కోచ్." ఒడెస్సా మోచేత్తో కళ్లు తుడుచుకుంది.

విట్కోస్కీ లోపలికెళ్లి కాగితాలు తెచ్చింది.

"పొడుగాటి పిల్లని వచ్చే ఏడాది చూసుకుంటాలే. నిలబడలేని రోజున మాత్రం నీ అంతట నువ్వే చెప్పాలి. నాతో చెప్పించుకోకు."

జీతం ఎంత రాసి ఉందో చూడకుండానే ఒడెస్సా సంతకం పెట్టేసింది.

కలం ఇంకా చేతిలో ఉండగానే తలుపు తోసుకుని బ్రియెల్ వచ్చింది. భుజాన సంచి, జుట్టు నిండా మంచు. గోడ పక్కనున్న మనిషిని చూసి నోరు తెరిచి ఉండిపోయింది.

"మిస్ ప్రూట్? మీరు మాతోనా? నిజంగా?"

"ఒక్క ఏడాది," అంది ఒడెస్సా.

"చిన్నప్పుడు మా పశువుల కొట్టం తలుపు మీద మీ బొమ్మ అంటించుకున్నా తెలుసా! ఈ మాట వింటే మా అమ్మ ఎగిరి గంతేస్తుంది. శుక్రవారం చేపల వేపుడు చేస్తుంది, మీరు రావాల్సిందే."

"మీ అమ్మ... బాగా చూసుకుంటుందా నిన్ను?"

"అదేం ప్రశ్న! అతిగా చూసుకుంటుంది," అని పకపకా నవ్వి, సంచి కింద పడేసి, బ్రియెల్ ఆమెను గట్టిగా వాటేసుకుంది.

ఒడెస్సా చేతులు కాసేపు గాల్లోనే ఉండిపోయాయి. తర్వాత మెల్లగా వచ్చి ఆ పిల్ల వీపు మీద వాలాయి.

పుట్టిన గంటకే వదులుకున్న కూతురిని ఆమె తాకడం అది రెండోసారి.