దుమ్ము అణిగేదాకా

"మళ్ళీ అడ్డం నిలబడ్డాడు!"

వెర్నా బ్రేకు తొక్కింది. ట్రక్కు కీచుమని ఆగింది.

మట్టిరోడ్డు మలుపులో ముసలాయన ఎర్రగుడ్డ ఊపుతున్నాడు.

"కాస్త ఆగమ్మా. ముందు బండి లేపిన దుమ్ము అణగనీ."

"దుమ్ము కోసమే కదయ్యా ఇటొచ్చింది! అణిగాక వెళ్తే నా బండికేం అంటుతుంది, నీ దీవెనలా?"

ముసలాయన కదల్లేదు.

ఆ ఊళ్ళో అది అక్టోబరు పని. మంచు పడితే తారురోడ్లన్నిటి మీదా ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్ళు బండి అడుగును తుప్పుపట్టించి తినేస్తాయి. అందుకని మంచుకు ముందే అందరూ మెకానిక్ గార్నెట్ షెడ్డుకు వెళ్ళి బండి అడుగంతా నూనె కొట్టించుకుంటారు. నూనె ఇంకా కారుతుండగానే ఈ మట్టిరోడ్డెక్కి జోరుగా తోలుతారు. పిండిలో పొర్లించిన చేపలా అడుగంతా దుమ్ము పట్టిందంటే, ఆ నూనె చలికాలమంతా ఉంటుందని వాళ్ళ నమ్మకం.

వెర్నా చుట్టుపక్కల ఊళ్ళకు ఉత్తరాలు పంచేది ఈ ట్రక్కు మీదే. ఇంతకుముందున్న బండికి అడుగు ఊడిపోయి, కాళ్ళ కింద రోడ్డు కనబడేది. ఇదీ అలా పోతే, తనకీ కూతురికీ తిండి ఉండదు.

ముసలాయన పేరు ఆర్విల్. ఎక్కడినుంచో వచ్చి మలుపు దగ్గర ఇల్లు కొనుక్కున్నాడు. ఎవరింటికీ పోడు, ఎవరినీ పిలవడు. అక్టోబరు వచ్చిందంటే మాత్రం, బడిబస్సు ఆ మలుపులో ఆగే వేళకు ఎర్రగుడ్డ పట్టుకుని రోడ్డు మీదికొస్తాడు.

ఊళ్ళో వాళ్ళు ఆయనకు 'దుమ్ము ఇన్‌స్పెక్టరు' అని పేరు పెట్టారు.

"నీకు బండుందా?" అని అడిగింది వెర్నా.

"లేదమ్మా."

"బండి లేనివాడికి తుప్పు బాధేం తెలుస్తుందిలే!"

ఆర్విల్ వెనక్కి తిరిగి రోడ్డు చూశాడు. దుమ్ము అణిగాక పక్కకు తప్పుకున్నాడు.

ఆ సాయంత్రం కూతురు కిట్టీ రొట్టె తింటూ అంది.

"అమ్మా, బస్సు దిగితే ఎర్రగుడ్డ తాత నన్ను మన గేటు దాకా తీసుకొస్తున్నాడు."

వెర్నా చేతిలో చెంచా ఆగింది.

"ఎందుకట?"

"ఏమో. మాట్లాడడు. చెయ్యి మాత్రం నొప్పిపుట్టేంత గట్టిగా పట్టుకుంటాడు."

మర్నాడు వెర్నా ఆయన వాకిట్లోకే వెళ్ళింది.

"ఎవరివయ్యా నువ్వు? నా బిడ్డ చెయ్యి పట్టుకోడానికి నీకేం పని?"

"దుమ్ములో కనబడదమ్మా. చిన్నపిల్ల..."

"ఇంకోసారి ముట్టుకున్నావంటే పోలీసులకు చెప్తా. రోడ్డు మీద నిలబడినా చెప్తా!"

"సరేనమ్మా, నిలబడను. కానీ ఈ నెలంతా బస్సు దగ్గరికి నువ్వే వస్తుండు."

"బిడ్డనెలా చూసుకోవాలో నువ్వు నేర్పుతావా నాకు?"

ఆర్విల్ ముఖం తెల్లబోయింది. లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

ఆ తరువాత ఎవరూ బళ్ళకు అడ్డం రాలేదు. బస్సు వేళకు ఆయన అరుగు మీద నిలబడి, కిట్టీ గేటులోకి వెళ్ళేదాకా చూసి లోపలికి పోయేవాడు. వెర్నా కావాలనే అటు చూసేది కాదు.

మంచు కరగకముందే ఆర్విల్ పోయాడు. ఉత్తరాలు పంచుతుంటే ఎవరో చెప్పారు.

"అయ్యో," అంది వెర్నా, తరువాతి ఇంటి ఉత్తరాలు తీస్తూ.

మళ్ళీ అక్టోబరు వచ్చింది.

"ఈసారి నీ దారికి అడ్డం ఇన్‌స్పెక్టరు లేడు. ఇష్టమొచ్చినట్టు తోలుకో!" అంటూ గార్నెట్ నూనె గొట్టం చుట్టి పక్కన పెట్టాడు.

వెర్నా నవ్వుకుంటూ మట్టిరోడ్డెక్కింది. ముందు ఎవరిదో బండి పోతోంది. దాని దుమ్ములోకి తన ట్రక్కును ఉరికించింది. అద్దం ముందు అంతా తెల్లగా అయిపోయింది.

మలుపు వచ్చింది. ఆర్విల్ ఉన్నప్పుడు తిట్టుకుంటూ ఆగిన చోటు. కాలు దానంతటదే బ్రేకు మీద పడింది.

ట్రక్కు జారి జారి ఆగింది.

దుమ్ములోంచి దగ్గు వినబడింది. తరువాత చిన్న గొంతు.

"అమ్మా, నువ్వేనా? నాకేమీ కనబడట్లేదు."

కిట్టీ ట్రక్కు ముందు, చెయ్యి చాపితే అందేంత దూరంలో, సంచీ గుండెలకు హత్తుకుని నిలబడి ఉంది.

వెర్నా ఎలా దిగిందో, బిడ్డను ఎలా ఎత్తుకుందో ఆమెకే తెలియదు. ఆర్విల్ ఇంట్లోంచి ఒక ముసలావిడ పరుగెత్తుకొచ్చింది. ఇద్దరినీ తీసుకెళ్ళి అరుగు మీద కూర్చోబెట్టి, నీళ్ళిచ్చింది.

"నా పేరు మేబెల్. ఆర్విల్ చెల్లెల్ని. ఇల్లు ఖాళీ చేద్దామని మా సొంత రాష్ట్రం నోవా స్కోషియా నుంచి వచ్చాను," అంది. "మా అన్న నిలబడేది ఈ మలుపులోనేనా?"

వెర్నా తల ఊపింది.

"అక్కడ మా అన్నకూ నూనె కొట్టే షెడ్డుండేది. 'జోరుగా తోలండి, దుమ్ము బాగా పట్టాలి' అని వచ్చినవాళ్ళందరికీ తనే చెప్పేవాడు. ఒకరోజు బస్సు దిగి వస్తున్న చిన్నపిల్ల ఆ దుమ్ములో కనబడక ఒక బండి కింద పడి చనిపోయింది."

వెర్నా కిట్టీని ఇంకా దగ్గరికి లాక్కుంది.

"ఎవరి పిల్ల? ఆ బండి తోలింది ఎవరు?"

మేబెల్ కిట్టీ దుమ్ము జుట్టు నిమురుతూ అంది.

"తోలింది మా అన్నేనమ్మా, నాన్నకు ఎదురొచ్చిన ఆ పిల్లా ఆయన కూతురే."