లీలమ్మ ముక్కులో కండ

"ముక్కులో కత్తి పెట్టనీను. జలుబుకు కోతేంది? లెయ్యి, ఇంటికి పోదాం," అంటూ జగన్నాథన్ భార్య చెయ్యి పట్టి లాగాడు.

లీలమ్మ కుర్చీలోంచి కదల్లేదు. ముక్కు రెండు వైపులా మూసుకుపోయి ఆమెకు ఏళ్లయింది. నోటితోనే ఊపిరి. కూర రుచి సరిగ్గా తెలియదు, వాసన అసలే తెలియదు. సన్నటి గొట్టంతో లోపల చూసిన డాక్టర్ సుధాకరన్, ద్రాక్ష గుత్తిలా మెత్తటి కండ పెరిగిందని, అది క్యాన్సర్ కాదని చెప్పాడు. ముందు స్ప్రే వాడించాడు. తగ్గలేదు. ఇక ఆపరేషన్ చేసి తీసేయాలని, మళ్లీ పెరగకుండా తర్వాత కూడా స్ప్రే వాడుతూ ఉండాలని అన్నాడు.

మత్తిచ్చాక మనిషి లేవకపోతే ఎవరిది బాధ్యతని జగన్నాథన్ ఆయన మీదే ఎగిరాడు. ఇందిరా నగర్‌లో కాపురముంటున్న కూతురు మోనిక కూడా వాళ్లతో వచ్చింది. ఆమె ఇక తట్టుకోలేకపోయింది.

"మొన్న ఇల్లంతా గ్యాస్ నిండిపోయుంటే అమ్మ అగ్గిపుల్ల గియ్యబోయింది నాయనా. ఆ టయానికి నేను రాకపోయుంటే ఏమయ్యుండు? ఆమెకి వాసన తెలియాల్నా వద్దా?"

"అక్కర్లేదు," అన్నాడు జగన్నాథన్.

ఏనాడూ భర్తకు ఎదురు చెప్పని లీలమ్మ అతని చెయ్యి విదిలించుకుంది.

"ఊపిరాడనిది నాకు. వద్దనేదానికి మీరెవరు?"

అతను విసురుగా వెళ్లిపోయాడు. ఆపరేషన్ రోజు ఆసుపత్రికి రాలేదు. తర్వాత ఆమె కూతురింట్లో ఉన్నన్నాళ్లూ చూడ్డానికీ రాలేదు. అలాంటి మనిషి ఇంటి గడప మళ్లీ తొక్కొద్దని మోనిక మండిపడింది. లీలమ్మ కూడా అదే అనుకుంది.

కానీ ఒక సాయంత్రం మోనిక కాఫీ డికాక్షన్ దించుతుంటే ఆ వాసన ముందుగదిలో ఉన్న లీలమ్మకు అందింది. ఆమెకు కళ్లనీళ్లు ఆగలేదు. కోపం కూడా కరిగింది. తనకేమైనా అవుతుందన్న భయంతోనే పాపం అలా అరిచుంటాడని అనిపించింది. ఎవరు చెప్పినా వినకుండా ఆటో ఎక్కి ఒర్లియంపేటలో తమ ఇంటి ముందు దిగింది.

జగన్నాథన్ తలుపు తీశాడు. ఏళ్లుగా రోజూ సాయంత్రం ఆమె పక్కనే కూర్చుని తాగే కూల్‌డ్రింక్ గ్లాసు అతని చేతిలో ఉంది.

అందులోంచి బ్రాందీ వాసన గుప్పుమంది.