కానుక ముందు, కబురు తర్వాత

"తర్లాన్ మెడమీది కొవ్వు ముక్క నీకే పెడతాలేరా, ఏడవకు" అన్నాడు దుయ్‌సెన్, పందెం బిళ్ళలు ఎర్రగడి మీదికి తోస్తూ.

జుమాబెక్ పళ్ళు నూరాడు. తర్లాన్ అతని గుర్రం. పోయిన నెలదాకా అతనిదే. కప్చగాయ్‌లోని ఈ కాసినోలోనే, ఈ బల్ల దగ్గరే, దుయ్‌సెన్ తాను మాత్రం పాలటీ తాగుతూ అతని చేత గ్లాసు మీద గ్లాసు కోన్యాక్ తాగించాడు. మత్తు నెత్తికెక్కాక గుర్రాన్ని పందెం కట్టించాడు. తెల్లారి లేచి చూసేసరికి కొట్టం ఖాళీ. ఇప్పుడు దుయ్‌సెన్ పెళ్ళాం ప్రసూతి ఆసుపత్రిలో ఉంది. కొడుకు పుట్టాడన్న కబురు చెవిన పడగానే తర్లాన్‌ని కోయించి వాళ్ళ ఆచారం ప్రకారం ఊరందరికీ గుర్రపు మాంసంతో విందు చేస్తానని వాడు కనిపించిన ప్రతివాడికీ చెప్పుకుంటున్నాడు.

"కోసుకు తినడానికి నీ మందలో గుర్రాలే లేవా?" అన్నాడు జుమాబెక్. "దాన్ని నాకిచ్చెయ్. బదులుగా బాగా బలిసినవి రెండు తోలుకొస్తా."

"ఊహూఁ. నాకు దాని మాంసమే కావాలి. నువ్వు నా పక్కన కూచుని దాన్ని నములుతుంటే చూడాలి." దుయ్‌సెన్ పకపకా నవ్వి అతని వీపు మీద చరిచాడు. "ఒకే ఏడు పుట్టినవాళ్ళం. ఈడువాళ్ళ మధ్య వేళాకోళానికి కోపాలేంట్రా?"

"వేళాకోళమే అయితే గుర్రం తిరిగిచ్చెయ్యొచ్చుగా" అన్నాడు మూఖిత్. ముగ్గురూ చిన్నప్పటినుంచీ స్నేహితులు. అల్మాటీ నగరం నుంచి ఒకే కారులో వచ్చారు.

"నీకెందుకురా మధ్యలో? నోరు మూసుకుని నీ పందెం చూసుకో."

ఈడువాడు ఏమన్నా నవ్వుతూ పడాలి. మొహం ముడుచుకుంటే తప్పు మనదే. ఆ మర్యాద మండిపోనూ, దాన్ని అడ్డం పెట్టుకునే వీడు ఇన్నాళ్ళూ బతికిపోయాడు! వీణ్ణి కొట్టాలి. చేత్తో కాదు, నలుగురి ముందూ, తిరిగి నోరెత్తడానికి వీల్లేకుండా కొట్టాలి. ఎలాగన్నది మాత్రం అతనికి తట్టడం లేదు.

తిరుగుతున్న రూలెట్ చక్రం ఆగింది. ఎరుపే. బిళ్ళల గుట్ట మళ్ళీ దుయ్‌సెన్ ముందుకే వచ్చింది. ఇలాంటివాళ్ళకే కలిసొస్తుంది, ఏం చేస్తాం!

అంతలో జుమాబెక్ జేబులో ఫోన్ అదిరింది. అతనిది కాదు, దుయ్‌సెన్‌ది. ఆడేవాళ్ళని బల్ల దగ్గర ఫోన్లు పట్టుకోనివ్వరు, జుమాబెక్ ఇవాళ ఆడటం లేదు. కూచునేముందు దుయ్‌సెన్ తన ఫోన్ తీసి పనిగట్టుకుని జుమాబెక్ చేతిలోనే పెట్టాడు. "కబురు ముందు నీ చెవినే పడాలి. నీ గుర్రం చావు నీ నోటితోనే నాకు చెప్పాలి. అదీ మజా!" అన్నాడు.

జుమాబెక్ బయటి వరండాలోకి నడిచాడు. రిజర్వాయరు మీద ఇంకా కాస్త వెలుతురు ఉంది. ఫోన్ చెవికి ఆనించుకున్నాడు. అవతలి గొంతు ఆనందంతో కేకలు పెడుతోంది.

"నిజమేనా? మళ్ళీ చెప్పు" అన్నాడు. మళ్ళీ విన్నాడు. ఈ కబురు ఇంకెవరి నోటినుంచైనా దుయ్‌సెన్ విన్నాడంటే తర్లాన్ తనకి ఈ జన్మకి దక్కదు. ఫోన్ జేబులో పడేసుకుని లోపలికి పరుగెత్తాడు.

"సుయిన్షీ!" అని గుమ్మంలోనే గావుకేక పెట్టాడు. "సుయిన్షీ, దుయ్‌సెన్! ముందు కానుక, తర్వాతే కబురు!"

హాలంతా ఇటు తిరిగింది. వాళ్ళ ఆచారంలో శుభవార్త తెచ్చినవాడు 'సుయిన్షీ' అని కానుక అడిగాక వాడు కోరింది చేతిలో పెట్టాల్సిందే. దుయ్‌సెన్ ఎగిరి లేచాడు. బిళ్ళలు నేల మీద చెల్లాచెదురయ్యాయి.

"వచ్చేసిందా! కోరుకోరా, ఏం కావాలో కోరుకో!"

"ఏదైనానా?"

"ఏదైనా! అందరూ వినండి, వీడు ఏది అడిగితే అది ఇచ్చాను!"

"తర్లాన్."

దుయ్‌సెన్ నవ్వు సగంలో ఆగిపోయింది. "ఒరేయ్... ఈ బిళ్ళలన్నీ తీసుకో. నా వాచీ తీసుకో."

"తర్లాన్."

బల్లకి అవతల కూచున్న తెల్లగడ్డం పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "మాట ఇచ్చేశావు నాయనా. శుభవార్తని గుమ్మంలో నిలబెట్టి బేరాలాడకూడదు."

చుట్టూ మూగినవాళ్ళు అవునవునన్నారు. దుయ్‌సెన్ వాళ్ళకేసి ఓసారి చూశాడు. ఇంతమందిలో పిసినారి అనిపించుకోవడం కన్నా గుర్రం పోవడమే నయమనుకున్నట్టున్నాడు, ఛాతీ విరుచుకుని చెయ్యి చాచాడు.

"పో, తోలుకుపో! నా కొడుకు విందుకి వేరే గుర్రాలు కరువా?"

జుమాబెక్ ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "గుర్రమూ, దానితోపాటు వచ్చేదంతానూ?"

"జీనూ కళ్ళెమూ నాకెందుకురా! అంతా నీదే. మూఖిత్ సాక్షి, ఈ పెద్దాయన సాక్షి. ఇంక చంపకుండా చెప్పు, కొడుకేనా?"

జుమాబెక్ పట్టిన చెయ్యి వదల్లేదు. నెల తర్వాత మొదటిసారి నోరారా నవ్వాడు.

"కొడుకో కూతురో ఇంకా ఏ కబురూ లేదురా, ఫోన్ చేసింది నీ గుర్రాల కాపరి, నీకు చెప్పకుండా ఇవాళ తర్లాన్‌ని పక్క ఊరి గుర్రప్పందెంలో దించాడట, అందరికన్నా ముందొచ్చి కొత్త జీపు గెలిచింది, నా గుర్రం!"